పువ్వు కోస్తే కాయ పోతుందా? వసంతకాలపు పెరటికీ వంటింటికీ మధ్య లెక్క

మాఘమాసం చివరి నుంచి వైశాఖం దాకా తెలుగు నేల మీద చెట్లు ఒకదాని వెంట ఒకటి పూతకు వస్తాయి. మామిడి పూత పిందె కట్టే వేళకు మోదుగ ఎర్రబడుతుంది, మునగ కొమ్మలు తెల్లబడతాయి, మల్లె మొగ్గ తొడుగుతుంది, ఆ వెనుకనే వేపచెట్టు కింద నేలంతా సన్నని పూరేకులతో నిండిపోతుంది. ఈ పూలలో చాలావాటికి మన వంటిళ్లలో ఎప్పటి నుంచో చోటు ఉంది. వేపపువ్వు చారు, మునగపువ్వు పెసరపప్పు, గుమ్మడిపూల బజ్జీలు, ఆవపెట్టిన అరటిపువ్వు కూర కొత్తగా కనిపెట్టిన వంటలేమీ కావు. అయినా ఈ రోజుల్లో పెరట్లోనో మిద్దె మీదో నాలుగు మొక్కలు పెంచుకుంటున్నవారిలో చాలామంది పువ్వు మీద చెయ్యి వేయడానికి వెనకాడతారు. పువ్వు కోస్తే కాయ పోతుందన్నది వారి భయం. దానికి సరిగ్గా ఎదురుగా, పువ్వు చెట్టు ఇచ్చినదే కాబట్టి ఏదైనా తినవచ్చునన్న ధీమా ఇంకొందరిది. రంగురంగుల పూలను పళ్లెం అంచున అలంకరించే అలవాటు వచ్చాక ఆ ధీమా ఇంకా పెరిగింది. భయం కొన్ని పూల విషయంలోనే సబబు, ధీమా అంతకంటే తక్కువ పూల విషయంలో సబబు. ఏ పువ్వు ఏ కోవలోకి వస్తుందో తెలియాలంటే ఆ పువ్వు చెట్టుకు ఏ పని చేసిపెడుతుందో, ఆ పని ఎప్పుడు పూర్తవుతుందో చూడాలి.

అంతకు ముందు, ఇన్ని చెట్లు ఈ రెండు మూడు నెలల్లోనే ఎందుకు పూస్తాయన్నది కొంత చెప్పుకోవాలి. మన వాతావరణంలో చెట్లను పూతకు పురికొల్పేవి ముఖ్యంగా రెండు: చలికాలపు రాత్రుల చల్లదనం, వానలు ఆగిపోయాక నేలలో తగ్గే తేమ. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గరికి దిగి కొన్నాళ్లు అలాగే ఉంటే మామిడి కొమ్మ చివరి మొగ్గ పూగుత్తిగా మారుతుంది. చలి సరిగా పడని ఏడాది, లేదా అదే సమయంలో వాన పడిన ఏడాది ఆ మొగ్గే చిగురు వేసి ఊరుకుంటుంది. మోదుగ, బూరుగ వంటి చెట్లు ఆకు రాల్చేసి మోడుగా నిలిచినప్పుడు పూస్తాయి. అప్పుడు పూలు పక్షులకు, తేనెటీగలకు దూరం నుంచే కనిపిస్తాయి. మల్లెకు ఈ ఎద్దడిని మనమే కల్పిస్తాం: నవంబరు చివరి నుంచి జనవరి లోపు కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, కొన్నాళ్లు నీరు తగ్గించి, ఆ తరువాత ఎరువు వేసి నీరు పెడితే కొత్తగా వచ్చే రెమ్మల చివర్లలో మొగ్గలు వస్తాయి. మల్లె పూసేది కొత్త రెమ్మ మీదే కనుక కత్తిరించడానికి మనసొప్పక వదిలేసిన తీగ నిండా ఆకే మిగులుతుంది. కుండీల్లో మొక్కలు పెంచేవారు చలికాలమంతా రోజూ పొద్దున్నే నీళ్లు పోసి, వసంతం వచ్చాక పూత లేదని వాపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆ మొక్కకు పూయవలసిన అవసరం కలిగే పరిస్థితే రాలేదు.

ఇక అసలు లెక్కకు వద్దాం.

పువ్వు కోయడం వల్ల చెట్టుకు ఏ నష్టమూ లేని సందర్భాన్ని గుమ్మడి తీగ బాగా చూపిస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో విత్తిన గుమ్మడి వసంతంలో పూతకొస్తుంది. ఒకే తీగ మీద మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి, మగపూలు ముందు వస్తాయి. వారం పది రోజుల పాటు పూలన్నీ పూసి రాలిపోతుంటే తీగకు ఏదో తెగులు సోకిందని కంగారుపడేవారు చూస్తున్నది ఈ మగపూల రాలుడునే. రెండింటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. మగపువ్వు సన్నగా పొడవైన కాడ మీద నిలబడి ఉంటుంది, లోపల పుప్పొడి అంటిన ఒకే ఒక కాడ కనిపిస్తుంది. ఆడపువ్వు కాడ పొట్టిగా ఉంటుంది, పూరేకుల కింద గోలీకాయంత గుమ్మడిపిందె పువ్వు విచ్చుకోకముందే ఉంటుంది. ఆడపూల కంటే మగపూలు ఎన్నో రెట్లు ఎక్కువ పూస్తాయి కాబట్టి, రోజూ రెండు మూడు మగపూలను తీగ మీద ఉంచి మిగిలినవి కోసుకుంటే ఒక్క కాయ కూడా తగ్గదు.

అయితే సమయం ముఖ్యం. గుమ్మడి పువ్వు తెల్లవారకముందే విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆడపువ్వుకు పుప్పొడి అందవలసింది ఆ రెండు మూడు గంటల్లోనే. నాలుగైదు అంతస్తుల మిద్దె మీద తేనెటీగలు సరిగా రాని చోట పని మనమే చేయాలి: మగపువ్వును కాడతో సహా కోసి, పూరేకులు ఒలిచి, లోపలి పుప్పొడి కాడను ఆడపువ్వు నడుమ పుప్పొడిని అందుకునే కొసకు, అంటే కీలాగ్రానికి, మెల్లగా రుద్దాలి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. ఒలిచిన పూరేకులను పారేయనక్కర లేదు, అవి అప్పటికప్పుడు వంటింట్లోకి వెళ్లవచ్చు. కాయకు ప్రాణం పోసిన పువ్వే పొద్దుటి పూట పెసరట్టు మీదికి రావడం నాకు ఈ తోటపని మొత్తంలో ఎక్కువ తృప్తినిచ్చే సంగతి. బజ్జీలకైతే పువ్వు నిండుగా కావాలి. లోపల చీమలు గాని, రాత్రి చిక్కుకుపోయిన ఈగ గాని ఉన్నాయేమో విప్పి చూసి, పుప్పొడి కాడను, అడుగున ఉన్న నూగు పచ్చరేకులను తీసేసి, నీటిలో ఒక్కసారి ముంచి ఆరబెట్టాలి. సెనగపిండిలో కొంచెం బియ్యప్పిండి, వాము, ఉప్పు, కారం కలిపి పల్చగా జారుగా చేసుకుంటే పువ్వు మెత్తబడకముందే పైపూత కరకరలాడుతుంది. పిండి చిక్కగా ఉంటే నోటికి పిండే తగులుతుంది, పువ్వు తగలదు.

బీర, సొర పూలకూ మగ, ఆడ తేడా ఇలాగే ఉంటుంది గాని అవి సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున్నే వెళ్లి చూసేవారికి అవి ఎప్పుడూ వాడిపోయే కనిపిస్తాయి, చేత్తో పుప్పొడి అంటించాలన్నా పొద్దు వాలాకే.

అరటిది ఇంకొక తీరు. గెలలో మొదట వచ్చే ఆడపూల హస్తాలే (వరుసలే) కాయలవుతాయి. ఆ తరువాత కిందికి వేలాడుతూ పెరిగే ఎర్రని మొగ్గలో మిగిలేవి మగపూలే. చివరి హస్తం పిందె పడ్డాక ఆ మొగ్గను కోసివేయమని తోటల పెంపకందార్లకు వ్యవసాయాధికారులే చెబుతారు, ఎందుకంటే దాన్ని పెంచడానికి చెట్టు పెట్టే ఖర్చు కాయలకు మళ్లుతుంది. కాబట్టి అరటిపువ్వు కూర చెట్టుకు మేలు చేసే వంట. ఓపిక మాత్రం చెట్టు దగ్గర కాదు, వంటింట్లో కావాలి: ప్రతి చిన్న పువ్వులోనూ ఉడకని గట్టి పుల్లలాంటి కాడ ఒకటి, పల్చని పారదర్శకమైన రేకు ఒకటి ఉంటాయి, రెండింటినీ తీసి, మిగిలినదాన్ని తరిగిన వెంటనే పల్చని మజ్జిగలో వేయాలి. లేకుంటే గాలి తగిలి నల్లబడుతుంది. చేతికి నూనె రాసుకోవడం మరిచిపోతే జిగురు మరకలు రెండు రోజులైనా వదలవు.

చెట్టు తనంతట తాను వదిలేసే పూలు మూడో రకం. అడవి చెట్టే అయినా ఇప్పను ఇక్కడ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే పువ్వును ఆహారంగా వాడుకోవడంలో దానికి మించిన ఉదాహరణ మనకు లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కండగల లేత పసుపు ఇప్పపూలు తెల్లవారుజామున నేల మీదికి రాలతాయి. ఆదిలాబాద్ ప్రాంతపు గోండులు, ఇతర ఆదివాసులు వాటిని ఏరి ఎండబెట్టి ఏడాదంతా వాడుకుంటారు, ఉట్నూరులో మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. రాలేది తీపి నిండిన పూరేకుల గొట్టం మాత్రమే, కాయగా మారవలసిన అండాశయం కొమ్మ మీదే ఉండిపోతుంది. ఆ తరువాత అదే చెట్టు కాయ కాస్తుంది, ఆ గింజల నుంచి నూనె తీస్తారు. పువ్వూ కాయా రెండూ దక్కే ఈ చెట్టును ఆదివాసులు నరకనివ్వరంటే అందులో ఆశ్చర్యం లేదు.

వేప కూడా కొంతవరకు ఈ కోవలోదే. వేప రెమ్మల మీద గుత్తులు గుత్తులుగా పూసే అయిదు రేకుల చిన్న తెల్లని పూలలో కొన్ని మగపూలు, కొన్ని మగ, ఆడ భాగాలు రెండూ ఉన్న ద్విలింగ పూలు. గుత్తిలో పూసిన వాటిలో పండు దాకా నిలిచేవి కొన్నే, తక్కినవి రాలిపోతాయి. రాలినవాటిని పట్టుకోవడమే వేపపువ్వు సేకరణ. సాయంత్రం చెట్టు కింద ఊడ్చి, పాత చీర గాని దుప్పటి గాని పరిచి ఉంచితే పొద్దున్నకు కావలసినంత పువ్వు పడి ఉంటుంది. కొమ్మను మెల్లగా కదిపితే ఇంకొంత రాలుతుంది. దాన్ని చేటలో పోసి చెరిగితే పొడి రేకులు పైకి తేలి, పుల్లలు, ఆకు ముక్కలు, మట్టి వేరవుతాయి. ఈ చెరగడంలో శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే పువ్వు కంటే ఆకు ఎన్నో రెట్లు చేదు. చారు గొంతు దిగనంత చేదెక్కిందంటే తప్పు పువ్వుది కాకపోవచ్చు, అందులో కలిసిన ఆకుది, కాడలది కావచ్చు. బజారులో ఉగాది ముందురోజు అమ్మే కొమ్మల నుంచి పువ్వు దూసుకునేవారు ఆ కారణంగానే రెమ్మను గట్టిగా నలపకుండా, విచ్చుకున్న పూలనే వేళ్లతో రాల్చుకోవాలి.

ఉగాది పచ్చడికి వేపపువ్వు తప్పనిసరి. అయితే పండుగ చాంద్రమానాన్ని అనుసరించి జరుగుతుంది, చెట్టు ఎండనూ తేమనూ అనుసరించి పూస్తుంది. ఈ రెండూ ప్రతి ఏడాదీ కలవవు. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది. మూడు వారాల తేడా వేపచెట్టు విషయంలో చిన్నది కాదు. పండుగ ఏప్రిల్‌లో వచ్చిన ఏడాది వీధి చివరి చెట్టు కింద దోసెడు పువ్వు ఊరికే దొరుకుతుంది, మార్చి మూడో వారంలో వచ్చిన ఏడాది చాలా చోట్ల చెట్టు ఇంకా మొగ్గ మీదే ఉంటుంది, బజారులో చిన్న రెమ్మకు కూడా గట్టి ధర చెబుతారు. మా పెద్దలు నిరుటి పువ్వును ఎండబెట్టి సీసాలో దాచడం వెనుక ఈ లెక్క ఉందని నా నమ్మకం. పచ్చి పువ్వు దొరికినప్పుడు అది వేయాలి, దొరకనప్పుడు ఆకు కలిపి సర్దుకోవడం కంటే ఎండు పువ్వు వేయడం మేలు.

వేప పూత మీద ఇటీవల ఇంకొక దెబ్బ పడింది. 2021లో తెలంగాణలో ఎక్కడ చూసినా వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతూ కనిపించాయి. ఫోమాప్సిస్ అనే శిలీంద్రం వల్ల వచ్చే ఎండు తెగులు అది, రసం పీల్చే టీ దోమ అనే పురుగు కూడా దానికి తోడైంది. పూగుత్తులు వచ్చేది ఆ రెమ్మల చివర్ల దగ్గరే కాబట్టి తెగులు సోకిన చెట్టుకు ప్రాణం పోకపోయినా పూత పోతుంది. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. పెరట్లో వేప ఉన్నవారు ఎండిన రెమ్మలను పచ్చి భాగం దాకా కత్తిరించి కాల్చివేయడం వల్ల తెగులు వ్యాప్తి కొంత తగ్గుతుంది, కానీ తెగులు సోకిందని చెట్టు మీద మందు కొట్టించిన ఏడాది ఆ పువ్వు వంటకు పనికిరాదు.

మునగ దగ్గరికి వచ్చేసరికి లెక్క కాస్త చిక్కుపడుతుంది. మునగపువ్వు ద్విలింగ పుష్పం, ప్రతి పువ్వుకూ కాయ అయ్యే అవకాశం ఉంది, కాబట్టి ఇక్కడ భయానికి ఆధారం ఉంది. కానీ ఒక గుత్తిలో పదుల కొద్దీ పూలు పూసినా నిలిచే కాయలు సాధారణంగా ఒకటో రెండో. తక్కినవి ఎండకో, నీరు ఎక్కువై గాని తక్కువై గాని, పోషణ చాలకో రాలవలసినవే. అందువల్ల గుత్తిని మొదలంటా తుంచడం తప్పు, గుత్తిలో విచ్చుకుని ఒకటి రెండు రోజులైన పూలను కొన్ని దులుపుకోవడం తప్పు కాదు. నా పద్ధతి ఇంకా తేలిక: పూత ఉధృతంగా ఉన్న రోజుల్లో వేపకు పరిచినట్టే గుడ్డ పరిచి, రాలిన పూలనే తెచ్చుకుంటాను. తెచ్చిన గంటలోపు వండితే రాలిన పువ్వుకూ కోసిన పువ్వుకూ రుచిలో తేడా ఉండదు. తమిళనాడులోని పెరియకుళం ఉద్యాన కళాశాల రూపొందించిన పీకేఎం-1 రకం వచ్చాక మునగ చిన్న పెరళ్లకూ, మిద్దె మీది డ్రమ్ములకూ దిగివచ్చింది. గింజ వేసిన ఆరు నెలల్లోపే అది పూస్తుంది. మొక్క మూడు అడుగులు దాటకముందే తల తుంచితే పక్క కొమ్మలు ఎక్కువ వచ్చి, పువ్వు చేతికి అందే ఎత్తులో ఉంటుంది. పూత మీద ఉన్నప్పుడు ఒక్కసారిగా నీరు ఎక్కువ పెడితే పూత రాలిపోతుంది, ఇది మునగ పెంచినవారందరికీ అనుభవమే.

మునగపువ్వులో కొద్దిపాటి చిరుచేదు, ఆవఘాటు కలిసిన రుచి ఉంటుంది. ఉప్పు వేసిన నీటిలో ఒక్క పొంగు రానిచ్చి వంపేస్తే చేదు తగ్గుతుంది, కానీ పువ్వు సువాసన కూడా సగం పోతుంది, అందుచేత లేత పువ్వుకు ఆ పని నేను చేయను. పెసరపప్పును పలుకుగా ఉడికించి పక్కన పెట్టుకుని, మూకుడులో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయ వేగాక పువ్వు వేసి మూత పెట్టకుండా రెండు మూడు నిమిషాలు మగ్గించి, పప్పు, పచ్చికొబ్బరి కలిపి దింపితే చాలు. కోడిగుడ్డు తినేవారు పప్పు బదులు గుడ్డు కొట్టి పోస్తారు, మునగపువ్వుకు అంతకంటే మంచి జోడీ లేదన్నది నా అభిప్రాయం.

అవిసె, చింత పూల విషయం త్వరగా చెప్పవచ్చు. తమలపాకు తోటల్లో తీగకు ఊతగా పెంచే అవిసె చెట్టు తెల్లని లేదా ఎర్రని పెద్ద పూలు పూస్తుంది. కాయను ఎవరూ పెద్దగా కోరుకోరు కాబట్టి పువ్వు కోయడానికి సంకోచం అక్కర లేదు, లోపలి కేసరాలు తీసేస్తే చేదు చాలావరకు పోతుంది. చింతపువ్వు వేసవి ముదిరాక వస్తుంది, పుల్లగా ఉంటుంది, చిగురుతో పాటే పప్పులోకీ పచ్చడిలోకీ వెళుతుంది. మామిడి మాత్రం కొనదగని బేరం. పూగుత్తిలో వందలు, వేల పూలుంటాయి, అందులో మగపూలే ఎక్కువ, చివరికి కాయ దాకా వచ్చేవి నూటికి ఒకటి కూడా ఉండవు. ఆ లెక్కన పూత కోసినా నష్టం లేదనిపిస్తుంది. కానీ తేనెమంచు పురుగు, బూడిద తెగులు రెండూ పూత మీదే దాడి చేస్తాయి కాబట్టి తోటల్లో మందు ఎక్కువగా కొట్టేది ఆ రోజుల్లోనే. మన వంటల్లో మామిడి పూతకు పెద్దగా చోటు లేకపోవడం వల్ల మనం పోగొట్టుకున్నదేమీ లేదు.

చేదు, వాసన, రంగు: వంటింట్లో మూడు పనులు

పువ్వును వండడంలో పొరపాట్లు ఎక్కువగా జరిగేది అన్ని పూలనూ ఒకే విధంగా పొయ్యి మీద పెట్టడం వల్ల. పువ్వు నుంచి మనకు కావలసినది రుచా, వాసనా, రంగా అన్నదాన్ని బట్టి వేడిని వాడాలి.

వేపపువ్వులో కావలసింది చేదు, అదీ కొలతగా. నేతిలో సన్నని సెగ మీద గోధుమరంగు వచ్చేదాకా వేయిస్తే పచ్చి చేదు మెత్తబడి, కమ్మని మాడు వాసన ఒకటి కొత్తగా పుడుతుంది. చారుకు చింతపండు రసం, ఉప్పు, పసుపు, కొంచెం బెల్లం, రెండు ఎండుమిర్చి వేసి బాగా మరిగించి, దింపాక ఈ వేగిన పువ్వును పైన చల్లాలి. పువ్వు వేసి మరిగించిన కొద్దీ చేదు రసంలోకి దిగుతూనే ఉంటుంది, మర్నాటికి ఆ చారు నోట పెట్టలేం. పచ్చడిలో వేరే కిటుకు ఉంది. నాలుక మీద చేదును అణచడంలో తీపి కంటే ఉప్పు చురుగ్గా పనిచేస్తుందని రుచి మీద పరిశోధించినవారు చూపించారు, కాబట్టి ఉగాది పచ్చడి చేదుగా ఉందని బెల్లం మీద బెల్లం వేసేబదులు ముందు చిటికెడు ఉప్పు సరిచూసుకోవాలి. మోతాదు కూడా ముఖ్యమే. పచ్చడిలో, చారులో వాడే చెంచాడు పువ్వుకూ, ఆరోగ్యం పేరుతో రోజూ గ్లాసుడు తాగే కషాయానికీ చాలా తేడా ఉంది. గర్భిణులు వేపను మందుగా వాడే ముందు వైద్యులను అడగాలి, పసిపిల్లలకు వేపనూనె నోటి ద్వారా ఇవ్వడం ప్రాణాల మీదికి తెస్తుంది.

మల్లెలో కావలసింది వాసన ఒక్కటే, దానికి వేడి శత్రువు. సువాసననిచ్చే లినలూల్, బెంజైల్ ఎసిటేట్ వంటి పదార్థాలు మామూలు గాలికే ఎగిరిపోయేవి, మరిగే నీటిలో ఇంకా త్వరగా పోతాయి. పైగా మల్లె మొగ్గను కోసిన తరువాత కూడా విచ్చుకుంటూ, సాయంత్రం నుంచి రాత్రంతా పరిమళాన్ని వదులుతూనే ఉంటుంది. ఉత్తరాదిన నువ్వులను, పూలను పొరలు పొరలుగా పేర్చి, ఆ నువ్వులకు వాసన పట్టాక నూనె ఆడించే పాత పద్ధతి ఈ గుణం మీదే ఆధారపడింది. ఇంట్లో అంత పని అవసరం లేదు. సాయంత్రం కోసిన మొగ్గలను కడిగి, పల్చని గుడ్డలో మూటగట్టి, మట్టికుండలోని చల్లని నీళ్లలో వేసి మూత పెడితే తెల్లవారేసరికి వేసవి దాహానికి అంతకంటే హాయైన నీళ్లుండవు. పొద్దున్నే మూట తీసేయాలి, లేకుంటే వాడిన పువ్వు వాసన దిగుతుంది. సగ్గుబియ్యం పాయసంలోనో, చల్లారిన పంచదార పాకంలోనో ఆ నీరు కలపవచ్చు. రేకమందారం, శంఖుపుష్పం వంటివాటిలో కావలసింది రంగు. అది నీటిలో ఇట్టే కరుగుతుంది, నిమ్మరసం పడగానే శంఖుపుష్పపు నీలం ఊదాగా, మందారపు ముదురు రంగు మెరిసే ఎరుపుగా మారుతుంది. మోదుగపూలను నానబెట్టి లేదా కాచి తీసే నారింజ రంగు హోలీలో చల్లుకోవడానికి శ్రేష్ఠం, దాన్ని అక్కడికే ఉంచాలి.

ఎండబెట్టి దాచుకోవడం వేపపువ్వుకు బాగా కుదురుతుంది, మునగపువ్వుకు అంతగా కుదరదు, గుమ్మడిపువ్వుకు అసలు కుదరదు. వేపపువ్వును పల్చగా పరిచి, గాలి ఆడే చోట, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా ఎండనివ్వాలి. కొంచెం తేమ ఉండగానే సీసాలో పోస్తే బూజు పడుతుంది, బూజు వాసన వచ్చిన పువ్వును తిరిగి ఎండబెట్టి వాడడం మంచిది కాదు.

తినకూడని పువ్వు

అందమైనది, పూజకు పనికొచ్చేది అయినంత మాత్రాన పువ్వు తినదగినది కాదు. మన పెరళ్లలో ఎక్కువగా కనిపించే గన్నేరు, పచ్చగన్నేరు రెండూ ఆకు నుంచి గింజ దాకా విషమే. వాటిలోని పదార్థాలు నేరుగా గుండె లయను దెబ్బతీస్తాయి, ఉడికించినా ఎండబెట్టినా పోవు. కేరళలో గన్నేరు ఆకులు, పూలు నమలడం వల్ల ఒక యువతి మరణించిందన్న వార్త తరువాత, 2024 మే నెలలో అక్కడి ఆలయాలను నిర్వహించే తిరువితాంకూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ ఆ పువ్వు వాడకాన్ని ఆపివేశాయి. అంతకాలం ప్రసాదంతో పాటు చేతిలో పడుతూ వచ్చిన పువ్వు అది. ఉమ్మెత్త మతి చెదిరే మత్తును, గుండెదడను తెస్తుంది, జిల్లేడు పాలు కంటికి, నోటికి ప్రమాదం. మల్లెలాంటి వాసన ఉన్నంత మాత్రాన నైట్ క్వీన్‌గా అమ్మే రాత్రి పూల మొక్కను మల్లెలా వాడుకోకూడదు, అది ఉమ్మెత్త, వంకాయల కుటుంబానికి చెందిన వేరే మొక్క, తినదగినది కాదు. పేరు కచ్చితంగా తెలియని పువ్వును రుచి చూసి తేల్చుకోవడం ఎంతమాత్రం తగదు. పిల్లలు ఇలాంటిదేదైనా నమిలారని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నాలతో సమయం పోగొట్టుకోకుండా, ఆ మొక్క రెమ్మను వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. వైద్యులకు ఆ రెమ్మే మొదటి ఆధారం.

విషం లేని పువ్వు కూడా మందు వల్ల విషమవుతుంది. బజారులో దండలకు, అలంకారానికి అమ్మే గులాబీ, చేమంతి, బంతి తినడానికి పండించినవి కావు. వాటి మీద పురుగుమందు కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలన్న నియమం కూరగాయలకు పాటించినట్టు ఎవరూ పాటించరు. గుల్కందు చేయాలనుకుంటే పెరట్లో నాటు గులాబీనో పన్నీరు గులాబీనో పెంచుకోవాలి, రేకు మొదట్లో తెల్లగా ఉండే భాగం చేదు కాబట్టి గిల్లేసి వాడాలి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు కూడా మొక్క ఒళ్లంతా పాకే మందులు పోసి ఉండవచ్చు. ఆ మొక్క మొదటి విడత పూలను కోసి పారేసి, కొత్తగా పెరిగిన కొమ్మల మీద వచ్చే పూలనే వంటకు వాడాలి. రోడ్డు పక్క వేపచెట్టు పువ్వు తెచ్చుకునేవారు ఆ వారంలో దోమల మందు పొగ వేశారేమో కనుక్కోవడం, దుమ్ము ఎక్కువగా పడే కింది కొమ్మలను వదిలేయడం అవసరం. మన పెరట్లో మనమే కొట్టే మందు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి: వేపనూనె ద్రావణమైనా సరే పూలు విచ్చుకుని తేనెటీగలు తిరిగే ఉదయం వేళ కొట్టకూడదు, పొద్దు గుంకాక, పువ్వు మీద పడకుండా ఆకుల అడుగున కొట్టాలి, కొట్టిన తరువాత వారం రోజుల దాకా ఆ మొక్క పువ్వును వంటింట్లోకి తేకూడదు.